జాతర పాటల ఆల్బమ్ వస్తోంది: ఎనిమిది పాటలూ ఒకేసారి వదలాలా, ఒక్కొక్కటిగానా?

కోరస్_పోరడు
మాది దేవరకొండ దిక్కు. మా ఊరి అన్న పాట తనే రాసి, బాణీ తనే కట్టి, తనే పాడతాడు. నేను, మా చిన్నమ్మ, ఇంకో ముగ్గురం వెనక అందుకుంటాం. చెరువుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు జాతరలు, మధ్యలో ఎవరు పిలిస్తే వాళ్ల ఊరు, ఒక్కోసారి దశదిన కర్మలకు కూడా పోతాం. ఇన్నేళ్లూ జనమే ఫోన్లలో తీసి పెట్టుకున్నారు కానీ మా దగ్గర ఒక్క మంచి రికార్డు లేదు. ఈసారి అప్పో సప్పో చేసి హైదరాబాద్‌లో ఎనిమిది పాటలు రికార్డు చేశాం, రెండు ఇంకా మిక్సింగ్‌లో ఉన్నాయి. ఇప్పుడు మాలో మాకే లొల్లి. అన్న ఎనిమిదీ ఒకేరోజు రావాలంటాడు, ఎందుకంటే వాటికి వరుస ఉంది. మొదటి పాటలో బోరు ఎండి మనిషి ఊరు విడుస్తాడు, చివరి దాంట్లో జాతరకు వస్తాడు. స్టూడియో అతనేమో ఈ రోజుల్లో ఆల్బమ్ ఎవడు వింటాడు, పదిహేను రోజులకొకటి వీడియోతో వదలండి అంటున్నాడు. ఇంకో సంగతి, ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఎనిమిదీ కలిపి ఒకేసారి డబ్బిచ్చి కొంటామన్నారు, బాండ్ పేపర్ మీద ‘సర్వహక్కులు’ అని రాసివ్వాలట. పైగా మూడు పాటల్లో మా డప్పు తీసేసి ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొట్టారు. మీరేమంటారు?

బీట్_బాసు
ఒక్కొక్కటే వదలండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది. ఎనిమిది ఒకేసారి పెడితే మొదటి రోజు మొదటి పాట చూస్తారు, మిగతా ఏడు గాలికి పోతాయి. ప్యాడ్ కూడా మంచిదే, బరాత్‌లో డీజే వాడు వేసుకుంటాడు.

పాతక్యాసెట్
బాసూ, నువ్వు పుట్టకముందు సంగతి చెప్తా విను. మీటింగ్ అయిపోగానే దుప్పటి పరిచి క్యాసెట్లు అమ్మేవాళ్లు. ఒక్కో క్యాసెట్‌కి రెండు వైపులు, ఏ వైపు మొదలు ఏ పాట ఉండాలో రాత్రంతా కూర్చొని తేల్చేవాళ్లు, ఎందుకంటే టేప్‌రికార్డర్‌లో పాట దాటేయాలంటే చెయ్యి నొప్పి పుట్టేది, రీలు వదులై బయటికొస్తే పెన్సిల్ పెట్టి తిప్పాలి. అందుకని జనం వరుసగా విన్నారు. వినీ వినీ ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట ఎత్తుగడ నోట్లోకి వచ్చేది. అన్న వరుస ఉందంటున్నాడు కదా, అది తెంపి ముక్కలు చేస్తే ఎనిమిది పాటలుంటాయి, ఆ మనిషి కథ ఉండదు.

బీట్_బాసు
పెన్సిల్ పెట్టి తిప్పిన కాలం అయిపోయింది పెద్దాయనా, ఇప్పుడు బొటనవేలు పెట్టి తోసేస్తారు. ఐదు సెకన్లు టైముంటుంది, అంతే.

సూర్యాపేట_సౌండు
రిలీజు గొడవ మీరు తేల్చుకోండి. నేను ప్యాడ్ సంగతి చెప్తా, ఎందుకంటే జాతర స్టేజీలకు సౌండు పెట్టేది మేమే, స్టూడియోలో కూడా కొన్నాళ్లు ఉన్నా.

స్టూడియో అతను కావాలని చేసి ఉండడు. తోలు డప్పును మంట దగ్గర కాపుతారు కదా, కాక మీద ఉన్నప్పుడు దాని గొంతు వేరు, చల్లబడ్డాక వేరు. స్టూడియోలో ఏసీ నడుస్తుంటుంది, మంట పెట్టనివ్వరు. మొదటి టేక్‌లో ఖంగుమన్నది నాలుగో టేక్ వచ్చేసరికి దిగజారుతుంది. రెండు టేకులు కలిపితే అతుకు తెలుస్తుంది, విసుగొచ్చి ప్యాడ్ కొడతారు. దీనికి పనికొచ్చే దారి ఒకటే, మూడు డప్పులు తీసుకుపోండి. ఒకటి లోపల మోగుతుంటే రెండు బయట ఎండలోనో హీటర్ దగ్గరో ఉండాలి. ఫైబర్ డప్పుకు బోల్టులుంటాయి, శ్రుతి కదలదు, కానీ ఆ ‘గుమ్’ దాంట్లో లేదు, టకటక ఒక్కటే ఉంటుంది.

మైకు రెండు పెట్టమనండి. ముందు ఒకటి, చిర్ర (లావు పుల్ల) దెబ్బ కోసం. వెనక, తోలు లేని ఖాళీ వైపు ఇంకొకటి, గుమ్మంతా అక్కడే ఉంటుంది. వెనక మైకుకు ఫేజ్ తిప్పడం, అంటే దాని అలను తలకిందులు చేయడం, మరిస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి మింగేసి ఉన్నది కూడా పోతుంది. ఇంకో మాట, ఫోన్ స్పీకర్‌లో కింది గొంతు ఎట్లాగూ రాదు. కాబట్టి చిర్ర దెబ్బ, సన్నటి సిటికెన పుల్ల చప్పుడు రెండూ మిక్సింగ్‌లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే పెద్ద బాక్సుల మీద బ్రహ్మాండంగా ఉండి ఫోన్‌లో అసలు డప్పే లేనట్టు ఉంటుంది. అప్పుడు ప్యాడే నయం అని బాసు లాంటివాళ్లు అంటారు, వాళ్ల తప్పు కాదు.

బీట్_బాసు
నన్ను మధ్యలో ఎందుకు కొడతారు సౌండన్నా 😀

కోరస్_పోరడు
ఈ ముక్క అన్నకు చదివి వినిపించా. ‘చెవిలో టకటకమని తాళం కొట్టే క్లిక్ పెట్టి పాడమన్నారు, నాకు ఊపిరాడలేదు’ అంటున్నాడు.

సూర్యాపేట_సౌండు
ఆడదు మరి. జాతరలో చివరి చరణానికి వచ్చేసరికి దరువు పెరుగుతుంది, జనం ఊగుతుంటే పాడేవాడు కూడా ఉరుకుతాడు. క్లిక్ ఆ ఉరుకును ఆపేస్తుంది. మిక్సింగ్‌లో మిగిలిన రెండు పాటలైనా అందరినీ ఒకే గదిలో నిలబెట్టి క్లిక్ లేకుండా మళ్లీ తీయండి. చిన్న తప్పులుంటే ఉండనివ్వండి.

వలసపక్షి_పుణె
మాది కోస్గి దగ్గర, పదేళ్లుగా పుణెలో సెంట్రింగ్ పని. మా బ్యాచ్ అంతా పాలమూరు వాళ్లమే. ఒక్కొక్కటి వదలాలా ఒకేసారి వదలాలా అని మీరు కొట్టుకుంటున్నారు, మేము ఎట్లా వింటామో ఎవరూ అడగలేదు. రాత్రి రూముకొచ్చి జొన్న రొట్టె చేసుకునేటప్పుడు ఫోన్‌లో పాట పెడతాం. చేతికి పిండి ఉంటుంది, పాట అయిపోగానే ఇంకోటి నొక్కాలంటే కుదరదు. వదిలేస్తే యూట్యూబ్ తనంతట తానే ఎక్కడెక్కడికో పోయి భోజ్‌పురి పాట దగ్గర తేలుతుంది. అందుకని అన్నీ కలిపి జూక్‌బాక్స్ అని ఒకే వీడియో పెట్టండి. విడిగా కావాలన్నవాళ్లకు విడిగా పెట్టుకోండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. వలస మీద పాట అంటే అందరూ ఏడుపే ఎందుకు రాస్తారు? బోరు ఎండింది, అమ్మ ఏడ్చింది, బస్సు కదిలింది. నిజమే, కాదనను. కానీ ఇక్కడ మేము నవ్వుతాం కూడా. మేస్త్రీ మీద మేము కట్టిన పాటలు వింటే మీ అన్న పడీ పడీ నవ్వుతాడు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు బావా అంటాడు, లెక్క చూసేటప్పుడు నువ్వెవడు అంటాడు. అది కూడా రాయమనండి.

పాతక్యాసెట్
పుణె తమ్ముడూ, ఈ వేదికలో ఇన్నాళ్లకు పనికొచ్చే మాట చెప్పావు.

నాట్ల_అక్క
నేను చెరువుగట్టు మీద వీళ్ల పాట విన్నా. అన్న గొంతు మంచిదే, మాట మంచిదే. కానీ మూడో పాట అని చెప్పి కొంచెం పెట్టారు కదా ఫేస్‌బుక్‌లో, ఆ బాణీ మా అమ్మ వాళ్లు నాట్లేసేటప్పుడు పాడుకున్నది. నడుము వంచి నాటు వేస్తూ ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవాళ్లు. ఇప్పుడు కింద చూస్తే ‘రచన, సంగీతం, గానం’ అన్నిటికీ ఒక్క పేరే. రచన సరే. సంగీతం ఎట్లా అవుతుంది? వెనక ఆడగొంతు ఒకటి వినిపిస్తుంది, ఆమె పేరు కూడా లేదు.

కోరస్_పోరడు
అక్కా, ఆ బాణీ అన్న వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడు, దొంగతనం ఏం కాదు. చరణాలకు ఎత్తుగడ మార్చాడు, మధ్యలో సాగదీత కొత్తగా పెట్టాడు.

నాట్ల_అక్క
దొంగతనం అని నేననలేదు తమ్మీ. నాయనమ్మ దగ్గర నేర్చుకుంటే నాయనమ్మ పేరు రాయొచ్చు కదా అంటున్నా. లేదా సాంప్రదాయ బాణీ అని ఒక్క ముక్క. ఆడగొంతు ఎవరిదో చెప్పలేదు నువ్వు.

కోరస్_పోరడు
మా చిన్నమ్మది.

నాట్ల_అక్క
ఇంకేం మరి.

బీట్_బాసు
కోరస్ పేర్లు ఎవరు చదువుతారక్కా, కింద ‘ఇంకా చూడండి’ నొక్కేవాడే లేడు.

నాట్ల_అక్క
ఆమె చదువుకుంటుంది. ఆమె పిల్లలు చదువుతారు. చాలదా?

వకీలు_గుమాస్తా
కోర్టు దగ్గర గుమాస్తా పని చేస్తా, వకీలును కాదు, కాబట్టి సంతకం పెట్టే ముందు వకీలుకు చూపించండి. కానీ ఈ బాండ్ పేపర్ సంగతి విన్నాక ఊరుకోలేకపోతున్నా.

అక్క లేపిన మాటకు, చట్టానికి సంబంధం ఉంది. జానపద బాణీ ఎవరి సొత్తూ కాదు, దాని మీద అన్నకూ హక్కు లేదు, ఆ ఛానల్‌కూ లేదు. అన్న రాసిన మాటల మీద, కొత్తగా కట్టిన భాగం మీద హక్కు అన్నది, అది ఆయన ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు దాన్ని డబ్బు పెట్టి తయారు చేయించినవాళ్లది, అంటే ఇప్పటికి మీదే. ఈ మూడు వేర్వేరు అని ఆ ఛానల్ వాళ్లకు బాగా తెలుసు, అందుకే ‘సర్వహక్కులు’ అని ఒకే మాటలో మూడూ ఊడ్చేస్తారు.

2012లో కాపీరైట్ చట్టం సవరించారు. పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు తమకు వచ్చే రాయల్టీలో సగం వాటాను రాసిచ్చేయడానికి వీల్లేదు, కాగితం మీద రాసినా ఆ ముక్క చెల్లదు. అట్లాగే హక్కు ఎన్నేళ్లకు అని కాగితంలో లేకపోతే ఐదేళ్లకే అని లెక్క, ఎక్కడిదాకా అని లేకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని తప్పకుండా రాయిస్తారు. ఆ రెండు మాటలు కొట్టించండి. ఇవ్వాలనుకుంటే మూడేళ్లకు, యూట్యూబ్‌కు మాత్రమే ఇవ్వండి. ఐపీఆర్‌ఎస్ అని పాట రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ 1969 నుంచి ఉంది, అందులో అన్న పాటల రచయితగా, స్వరకర్తగా చేరితే పాట ఎక్కడ మోగినా ఆ వాటా వచ్చే దారి ఉంటుంది.

పాతక్యాసెట్
మా కాలంలో ఈ గుమాస్తా ఉంటే ఎంతమంది కొంపలు నిలబడేవో.

బీట్_బాసు
చట్టం సరే గుమాస్తా గారూ, కోర్టుకు తిరిగేంత టైము పాటగాడికెక్కడిది? ఒకేసారి వచ్చే డబ్బు చేతిలో ఉంటుంది, స్టూడియో అప్పు తీరుతుంది. ఇదే నేను చూసిన నిజం.

వకీలు_గుమాస్తా
అప్పు తీరడం ముఖ్యమే, కాదనను. అప్పుకు సరిపోను మూడు పాటలు ఇవ్వండి, ఎనిమిదీ ఎందుకు?

బండమీది_బాలు
నా కథ వినండి. మా ఊరి బోనాలకు మా తాత పాడిన పాట ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టా. రెండో రోజుకే కాపీరైట్ క్లెయిమ్. ఎవరో ఒక కంపెనీ అదే జానపద బాణీతో ఎప్పుడో రికార్డు చేసి, పాటలను పోల్చి పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో వేసిందట, మిషన్ దాన్నీ దీన్నీ కలిపేసింది. మా తాతకు చెప్తే ‘నా పాట నేనే దొంగిలించానా’ అన్నాడు. డిస్ప్యూట్ పెట్టా, జానపద బాణీ, సొంత రికార్డింగ్ అని రాసి. వాళ్లకు 30 రోజులు టైమిస్తారు, ఆ లోపు జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది. వాళ్లు ఇవ్వలేదు, పోయింది. చాలామంది భయపడి వీడియో తీసేస్తారు, తీసేయకండి.

సూర్యాపేట_సౌండు
దీనికి తిరుగుడు కూడా ఉంది. రేపు మీ ఆల్బమ్‌ను పాటల యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టేటప్పుడు కంటెంట్ ఐడీ కావాలా అని అడుగుతారు. టిక్ పెట్టారనుకోండి, జాతరలో మీ పాటను ఫోన్‌లో తీసి పెట్టిన మీ అభిమానులకే క్లెయిములు పడొచ్చు. ఆ ప్యాడ్ లూపులు రెడీమేడ్‌గా కొన్నవైతే అసలు టిక్ పెట్టనివ్వరు, అవే లూపులు ఇంకెందరో వాడి ఉంటారు కాబట్టి.

బీట్_బాసు
క్లెయిమ్ పడితే వీడియో పోదు కదా, యాడ్ డబ్బులు పాటగాడికి వస్తాయి. పెట్టాల్సిందే.

పాతక్యాసెట్
ఇన్నేళ్లు వీళ్ల పాటను మోసింది ఆ ఫోన్ వీడియోలే. వాళ్ల మీదకే నోటీసు పంపుతారా? బాసూ, ఆ ఐడియా నీ దగ్గరే ఉంచుకో.

బీట్_బాసు
డబ్బు మాటెత్తితే పాపం అన్నట్టు మాట్లాడతారేంటి అందరూ. మన పాలమూరు నుంచే పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, దామరగిద్ద బుర్రవీణ కొండప్పకు 2024లో వచ్చింది. చప్పట్లు కొట్టాం, ఫొటోలు దిగాం. ఆ 2024లోనే మొగులయ్య కూలి పని చేస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. జనం గుండెల్లో ఉన్నాడు అంటే కిరాణా కొట్టువాడు సరుకులివ్వడు.

నాట్ల_అక్క
ఈ ఒక్క విషయంలో బాసు మాటే నా మాట.

వలసపక్షి_పుణె
నాది కూడా.

బండమీది_బాలు
కానీ లెక్క కూడా తెలుసుకోండి. యూట్యూబ్‌లో యాడ్ డబ్బు రావాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైము ఉండాలి. స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 సార్లు వినకపోతే ఆ పాటకు అసలేమీ రాదు, 2024 నుంచి అదే రూలు. ఎనిమిది పాటల్లో రెండు బాగా వినపడి ఆరు వెయ్యి దాటకపోతే ఆ ఆరింటికీ సున్నా. గంటల లెక్క కోసమైనా పుణె అన్న చెప్పిన జూక్‌బాక్స్ మేలు, ఒకడు రొట్టెలు చేసుకుంటూ విన్నా అరగంట ఖాయం.

వలసపక్షి_పుణె
మేము ఎనిమిది మందిమి. రొట్టెలకు గంట పడుతుంది.

పాతక్యాసెట్
ఎప్పుడు వదలాలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దగట్టు రెండేళ్లకోసారి, 2025 ఫిబ్రవరిలో అయింది, మళ్లీ 2027లోనే. దాని కోసం ఆగడం ఒక లెక్క. కురుమూర్తి అయితే ఏటా దీపావళి తర్వాత వస్తుంది, వడ్డేమాన్ నుంచి ఉద్దాలు (స్వామి పాదుకలు) వచ్చే రోజు దారంతా జనమే. కథలో మనిషి జాతరకు వస్తాడంటున్నారు కాబట్టి కురుమూర్తికి ముందే బయటికి రావాలని నా మాట. అప్పటికి పుణె, బొంబాయి పోయినవాళ్లు కూడా కొందరు ఊళ్లో ఉంటారు.

బీట్_బాసు
సలేశ్వరంలో రిలీజ్ చేయండి, నల్లమల లోపల సిగ్నల్ ఉండదు, ఎవడూ పాట మధ్యలో తోసేయలేడు.

పాతక్యాసెట్
నవ్వించావురా.

సూర్యాపేట_సౌండు
స్టేజీ మీద రిలీజ్ పెడితే సాయంత్రం ఆరుకే మొదలుపెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వద్దని 2000 నాటి రూల్స్. పండుగలకు సర్కారు 12 దాకా సడలించొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా, కానీ మీ రోజు అందులో ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. లీడర్ల సన్మానాలు ఎనిమిదిన్నర దాకా సాగి, అసలు పాట మొదలయ్యేసరికి కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డ ప్రోగ్రాములు నేను చాలా చూశా. శాలువాలు చివర్లో పెట్టండి, ఉండేవాళ్లు ఉంటారు.

కోరస్_పోరడు
నిన్న రాత్రి అన్న, మేమందరం కూర్చొని మాట్లాడుకున్నాం. కురుమూర్తికి పది రోజుల ముందు ఎనిమిదీ కలిపి జూక్‌బాక్స్ వదులుతాం, విడి పాటలు కూడా అదే రోజు. వీడియోలు మాత్రం డబ్బు చూసుకొని తర్వాత ఒక్కొక్కటి చేస్తాం. ఛానల్ వాళ్లకు రెండు పాటలే, మూడేళ్లకు, యూట్యూబ్ వరకే అని చెప్పాం. వాళ్లు ఆలోచించి చెప్తామన్నారు, గొంతు చూస్తే ఇష్టం లేనట్టే ఉంది. కంటెంట్ ఐడీ వద్దని అన్న ఖచ్చితంగా చెప్పాడు, నాకైతే బాసు చెప్పిందే సరి అనిపిస్తుంది కానీ పాట ఆయనది. మిగిలిన రెండు పాటలు తోలు డప్పుతో మళ్లీ తీస్తున్నాం. ప్యాడ్ కొట్టిన మూడింట్లో ఒకటి అట్లాగే ఉంచుతున్నారు, నిజంగానే బాగుంది.

పుణె అన్నా, మీ మేస్త్రీ బావ మాట విని అన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత నాలుగు లైన్లు రాసుకున్నాడు. ఆల్బమ్‌లోకి రాదు, టైము లేదు. స్టేజీ మీద పాడతానన్నాడు.

బీట్_బాసు
ఆ ప్యాడ్ పాట నాకు ముందు పంపు. రీల్ నేను చేస్తా, పైసలు వద్దు.

వలసపక్షి_పుణె
మా మేస్త్రీ కూడా కురుమూర్తికి వస్తాడు, చూసి పాడమనండి 😀 పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా? మా ఊళ్లో ట్రాక్టర్లకు అదే కావాలి.

కోరస్_పోరడు
ఇస్తాం అన్నా, స్టేజీ పక్కనే అమ్ముతాం.

నాట్ల_అక్క
పేర్ల పట్టీ పెట్టు తమ్మీ, చూసి అప్పుడు మా నాట్ల గ్రూపులో షేర్ చేస్తా.

కోరస్_పోరడు
రేపు పెడతా అక్కా. మూడో పాటకు ‘సాంప్రదాయ బాణీ, నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది’ అని రాశాం. చిన్నమ్మ పేరు దగ్గర ఆగింది, అత్తగారి ఇంటిపేరు రాయాలా, పుట్టింటిదా అని ఇంట్లో పంచాయతీ నడుస్తోంది.

నాట్ల_అక్క
ఆమెను అడిగారా?

కోరస్_పోరడు
ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.